పంపకముందే అందిన సిగ్నల్: ఒక 400 కేవీ లైను, రెండు గడియారాలు

వేసవి చివర్లో ఒక సాయంత్రం ఈదురుగాలులకు 400 కేవీ లైను ట్రిప్ అయింది, అంటే రక్షణ పరికరాలు దాన్ని గ్రిడ్ నుంచి విడదీశాయి. గాలివానకు లైన్లు పోవడం మామూలే. అయితే రెండు కొసల సబ్‌స్టేషన్ల నుంచి వచ్చిన ఈవెంట్ లాగ్‌లను (ఏది ఎప్పుడు జరిగిందో రాసే రికార్డులు) పక్కపక్కన పెట్టి చూస్తే జరగడానికి వీల్లేనిదొకటి కనిపించింది. 'వెంటనే ట్రిప్ ఇవ్వు' అని పడమటి సబ్‌స్టేషన్ పంపిన క్యారియర్ సిగ్నల్, అది పంపడానికి దాదాపు 380 మిల్లీసెకన్ల ముందే తూర్పు సబ్‌స్టేషన్‌కి అందినట్టు నమోదైంది.

లైను పొడవు సుమారు 150 కిలోమీటర్లు. సంస్థ పేరూ ఊళ్ల పేర్లూ ఇక్కడ అవసరం లేదు, కొసలను తూర్పు, పడమర అనే పిలుస్తాను. నా పని సబ్‌స్టేషన్లలో కమ్యూనికేషన్, టైమ్ సింక్రనైజేషన్. నన్ను పిలిచేసరికి ప్రొటెక్షన్ విభాగం సమీక్ష సగం పైగా నడిచిపోయింది. ఒక నిర్ణయం దాదాపు ఖాయమైంది కూడా.

తప్పు దారి పట్టిన సమీక్ష

ఆ నిర్ణయం అర్థం కావాలంటే డిస్టెన్స్ రిలే (లైను మీద షార్ట్ సర్క్యూట్ లాంటి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో తేల్చి బ్రేకర్‌ను తెరిపించే పరికరం) పని తీరు కొంచెం తెలియాలి. లైనులో తనవైపు నుంచి సుమారు 80 శాతం దూరంలోపు ఫాల్ట్ కనిపిస్తే రిలే ఆగకుండా ట్రిప్ ఇస్తుంది. అది జోన్-1. మిగిలిన దూరం జోన్-2 కిందికి వస్తుంది. అక్కడి ఫాల్ట్‌కి రిలే కొంత ఆగుతుంది, మన దగ్గర 400 కేవీ లైన్లలో సాధారణంగా 350 మిల్లీసెకన్లు. ఫాల్ట్ దగ్గరగా ఉన్న కొస జోన్-1లో ట్రిప్ ఇస్తూనే అవతలి కొసకు క్యారియర్ పంపుతుంది. అది అందిన రిలే ఇక 350 మిల్లీసెకన్లు వేచి చూడదు, వెంటనే తన బ్రేకర్‌ను తెరిపిస్తుంది.

ఈ ఫాల్ట్ పడమటి కొసకు దగ్గర. లైను పెట్రోలింగ్‌కి వెళ్లినవాళ్లు దెబ్బతిన్న ఇన్సులేటర్ స్ట్రింగ్‌ను అక్కడే కనిపెట్టారు. లాగ్‌లు మాత్రం తూర్పు ముందు ట్రిప్ అయిందనీ, పడమర దాదాపు 380 మిల్లీసెకన్లు ఆలస్యంగా కదిలిందనీ చెప్పాయి. ఈ 380, ఆ 350కి పక్కనే ఉండటంతో అందరికీ ఒకే ఆలోచన వచ్చింది: పడమటి రిలే జోన్-1లో పని చేయలేదు, జోన్-2 టైమర్ పూర్తయ్యాకే ట్రిప్ ఇచ్చింది. మరి తూర్పుకి ముందే అందిన క్యారియర్ సంగతేమిటి? పిడుగుల వల్ల లైనులో పుట్టిన అలజడిని క్యారియర్ పరికరం సిగ్నల్‌గా పొరబడి ఉంటుందన్నారు. అలా ఒక రిలే మీద, ఒక క్యారియర్ పరికరం మీద నింద పడింది. పడమటి రిలే జోన్-1 రీచ్ (అది కాపలా కాసే దూరం) పెంచాలన్న ప్రతిపాదన రాతపూర్వకంగా సిద్ధమైంది.

ఆ ప్రతిపాదన అమలైతే ఏమయ్యేదో చెప్పాలి. అవసరానికి మించి రీచ్ పెట్టిన రిలే, లైను దాటి అవతలి సబ్‌స్టేషన్‌లో లైన్లు కలిసే బస్‌బార్ మీదో పక్క లైను మీదో వచ్చిన ఫాల్ట్‌కి కూడా ఆగకుండా ట్రిప్ ఇస్తుంది. ఒక లైను పోవాల్సిన చోట రెండు పోతాయి. గ్రిడ్ నిండా బరువుతో ఉన్నప్పుడు రిలే ఒక్కటి తప్పుగా చదివితే ఏమవుతుందో మనకు తెలుసు. 2012 జూలై 30 తెల్లవారుజామున 2:33కి బీనా-గ్వాలియర్ 400 కేవీ లైను ఫాల్ట్ ఏదీ లేకుండానే ట్రిప్ అయింది, మోస్తున్న లోడునే రిలే ఫాల్ట్‌గా చదివింది. ఉత్తర గ్రిడ్ కూలింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. రిలే సెట్టింగ్ మార్చడం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడని పని. ఇక్కడ ఆ మార్పుకు ఆధారం గడియారాలు చెప్పిన సమయం ఒక్కటే.

ఒకే రికార్డు లోపల, రెండు రికార్డుల మధ్య

మొదట పడమటి డిస్టర్బెన్స్ రికార్డర్ (ఫాల్ట్ సమయంలో వోల్టేజీ, కరెంటు తరంగాలను నమోదు చేసేది) ఫైలు తెరిచి సమయం సంగతి పక్కన పెట్టాం. ఫైలు లోపల ఫాల్ట్ మొదలైన చోటు నుంచి ట్రిప్ దాకా కొలిస్తే 30 మిల్లీసెకన్ల లోపే వచ్చింది. అంటే పడమటి రిలే జోన్-1లో ఎలా పని చేయాలో సరిగ్గా అలాగే చేసింది. ఒకే రికార్డు లోపలి కొలతకు గోడ గడియారంతో పని లేదు. రికార్డర్ శాంపిళ్లను ఒకదాని తర్వాత ఒకటి లెక్కపెట్టుకుంటూ పోతుంది, ఆ లెక్క కొన్ని సెకన్లలో చెడిపోదు. చెడిపోయేది ఒక రికార్డును ఇంకో రికార్డు పక్కన పెట్టినప్పుడు.

తర్వాతి పని రెండు గడియారాల మధ్య తేడా ఎంతో తేల్చడం. అందుకు ఫాల్టే సాక్ష్యం. లైను మీద ఫాల్ట్ పుట్టిన క్షణం ఒక్కటే, దాని అల దాదాపు కాంతి వేగంతో రెండు వైపులా పరుగెడుతుంది. 150 కిలోమీటర్లు దాటడానికి అర మిల్లీసెకను చాలు. కాబట్టి రెండు కొసల్లోనూ వోల్టేజీ తరంగం విరిగిన చోటును గుర్తించి, వాటి మీద ముద్రపడిన సమయాలను తీసివేస్తే వచ్చేది గడియారాల మధ్య తేడాయే. పొరపాటు ఉన్నా మిల్లీసెకను లోపే. తీసివేస్తే దాదాపు 400 మిల్లీసెకన్లు వచ్చింది, పడమర ముందుకు ఉంది. ఆ తేడాను పడమటి లాగ్ నుంచి తీసేసి మళ్లీ వరుస పేర్చాం. పడమర జోన్-1, క్యారియర్ పంపడం, 20 మిల్లీసెకన్లకు తూర్పున అందడం, తూర్పు ట్రిప్. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే అంతా సరిపోయింది. రిలేకి తప్పు లేదు, క్యారియర్‌కి తప్పు లేదు. ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు.

ట్రిప్ జరిగిన 24 గంటల్లో రికార్డులు పంపాలన్న నియమం మన గ్రిడ్ ప్రమాణాల్లో ఉంది. పంపే తొందరలో ఈ సరిపోలిక చాలాచోట్ల జరగదు. నన్నడిగితే రికార్డులు జతచేసే ముందు పది నిమిషాలు వెచ్చించి ఇది చేసి తీరాలి. దీనికి కొత్త పరికరం ఏదీ కొననక్కర్లేదు.

పక్క స్టేషన్లూ చూద్దామనుకుంటే

ఒక గడియారం ఇలా ఉంటే మిగతావి ఎలా ఉన్నాయోనని అదే ప్రాంతంలోని ఇతర సబ్‌స్టేషన్ల లాగ్‌లు కూడా తెప్పించాం. వాటిలో బయటపడ్డ తేడాలు ఇంకా పెద్దవి. అయితే పెద్ద తేడాలను పట్టుకోవడం సులువు, ఎందుకంటే అవి తమ కారణాన్ని తామే చెబుతాయి.

ఒక చోట లాగ్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంది. ఉపగ్రహాల నుంచి సమయం అందుకునే జీపీఎస్ రిసీవర్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఇస్తోంది, ఆ రిలేలో భారత కాలమానం సెట్టింగ్ పెట్టలేదు. ఇంకో చోట 18 సెకన్లు ముందుంది. 18 కనిపిస్తే ఇంక వెతకనక్కర్లేదు. జీపీఎస్ తన సొంత సమయాన్ని 1980 జనవరి 6 నుంచి లీప్ సెకన్లు (భూభ్రమణంతో సరిపెట్టడానికి అప్పుడప్పుడు చేర్చే అదనపు సెకన్లు) కలపకుండా లెక్కిస్తూ వస్తోంది. యూటీసీలో మాత్రం అప్పటి నుంచి 18 లీప్ సెకన్లు కలిశాయి. చివరిది మనకు 2017 జనవరి 1 ఉదయం ఐదున్నరకు వచ్చింది. ఉపగ్రహం ఈ తేడాను కూడా ప్రసారం చేస్తుంది, రిసీవర్ దాన్ని తీసివేసి ఇవ్వాలి. ఆ పరికరంలో ఔట్‌పుట్ 'జీపీఎస్ సమయం' అని ఎంచి వదిలేశారు.

మూడోది పాత రిసీవర్. వారంలోని రోజు, గంట, నిమిషం అన్నీ సరే, తేదీ మాత్రం 19 ఏళ్ల పైచిలుకు వెనక. జీపీఎస్ పాత సందేశంలో వారం సంఖ్యకు 10 బిట్లే ఉన్నాయి. 1024 వారాలకొకసారి అది మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019లో యూటీసీ ప్రకారం ఏప్రిల్ 6 అర్ధరాత్రి ఇంకోసారి అలా తిరిగింది. ఏ చుట్టులో ఉన్నామో రిసీవర్ సాఫ్ట్‌వేరే ఊహించుకోవాలి. తయారైనప్పటి ఊహకు కాలం చెల్లితే తేదీ 7168 రోజులు వెనక్కి దూకుతుంది. అది సరిగ్గా ఏడుతో భాగించబడే సంఖ్య కనుక వారంలోని రోజు మాత్రం మారదు. ఇలాంటి రిసీవర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ దొరక్కపోతే మార్చేయడమే మంచిది.

పడమటి పైకప్పు

400 మిల్లీసెకన్లది వేరే తరహా. దాంట్లో ఏ గుర్తూ లేదు, ఏ లెక్కకూ సరిపడదు. పడమటి కంట్రోల్ రూమ్‌కి వెళ్లేసరికి రిసీవర్ డిస్‌ప్లే మీద సమయం నడుస్తూనే ఉంది. షిఫ్ట్ ఇంజినీర్ ఫోన్ తీసి పక్కన పెట్టి చూపించారు. "చూడండి సార్, రెండూ ఒకటే. ఇందులో ఏం తేడా ఉంది?" ఆయన చెప్పిందీ నిజమే. అర సెకను లోపు తేడా కంటికి ఆనదు.

ఉపగ్రహం నుంచి సమయం ఎలా వస్తుందో ఇక్కడ చెప్పుకుంటే కారణం తేలిగ్గా అర్థమవుతుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ప్రతి జీపీఎస్ ఉపగ్రహంలోనూ పరమాణు గడియారాలుంటాయి. రిసీవర్‌కి తెలియనివి నాలుగు: తన స్థానానికి మూడు కొలతలు, తన గడియారం తప్పు ఒకటి. అందుకే నాలుగు ఉపగ్రహాలు కావాలి. సబ్‌స్టేషన్ కదలదు కాబట్టి టైమింగ్ రిసీవర్ ఒకసారి స్థానం తేల్చుకుని దాన్ని స్థిరంగా పట్టుకుంటుంది. ఇక తెలియనిది ఒక్కటే, దానికి ఒక్క ఉపగ్రహం కనిపించినా నెట్టుకురావచ్చు. అలా ప్రతి సెకనుకూ యూటీసీతో మైక్రోసెకను లోపు సరిపోయే పల్స్ ఒకటి తయారవుతుంది. దూరదూరంగా ఉన్న వందల స్టేషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే ఒకే సమయంలో ఉండటానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

కాకపోతే ఆ సిగ్నల్ చాలా బలహీనం. యాంటెన్నాకి చేరేసరికి సుమారు మైనస్ 130 డీబీఎం, మామూలు రేడియో రొద కంటే కింద ఉంటుంది. కేబుల్‌లో కాస్త నష్టం పెరిగినా మాయమైపోతుంది. పడమటి పైకప్పు మీద యాంటెన్నా కింది కనెక్టర్ విప్పితే లోపల నీరు, నల్లబడ్డ రాగి. వాటర్‌ప్రూఫ్ టేప్ ఎండకు పెచ్చులూడింది. మన ఎండల్లో అంత పని తప్పదు. రిసీవర్ సొంత లాగ్ చూస్తే ట్రిప్‌కి ఐదు రోజుల ముందు కురిసిన వానలో లాక్ (ఉపగ్రహ సిగ్నల్ మీద పట్టు) పోయినట్టు ఉంది. అప్పటి నుంచి అది లోపలి క్వార్ట్జ్ ఆసిలేటర్ మీదే నడుస్తోంది.

కనెక్టర్ మార్చే ముందు ఒక కొలత తీసుకున్నాం. వెంట తెచ్చిన పోర్టబుల్ రిసీవర్ సెకను పల్స్‌ను, ఈ రిసీవర్ పల్స్‌ను ఒకే ఆసిలోస్కోప్ మీద చూశాం. తేడా అప్పటికి ఇంకా పెరిగింది, రోజుకు 80 మిల్లీసెకన్ల పైన జరుగుతోంది. ఇది దాదాపు పది లక్షల్లో ఒక వంతు తప్పు. ఐదు రోజులకు లెక్కిస్తే ట్రిప్ నాటి 400 వచ్చింది. ఈ క్రమం ముఖ్యం: యాంటెన్నా ముందే కలిపేస్తే గడియారం క్షణాల్లో సర్దుకుంటుంది, సాక్ష్యం చెరిగిపోతుంది.

నా దృష్టిలో అసలు లోపం కనెక్టర్‌లో లేదు. కనెక్టర్లు పాడవుతాయి. లాక్ పోయిన సంగతి రిసీవర్‌కి మొదటి నిమిషం నుంచీ తెలుసు, అది చెప్పడానికి వెనకవైపు ఒక అలారం కాంటాక్టు కూడా ఉంది. దానికి వైరు కలపలేదు. రిసీవర్ నుంచి రిలేలకు సమయం మోసుకెళ్లే ఐరిగ్-బి సిగ్నల్ కూడా పాత రకం. అందులో సమయం ఉంటుంది, ఆ సమయాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే బిట్లు ఉండవు. ఐదు రోజుల పాటు ప్రతి రిలే తప్పు సమయాన్ని అదే నమ్మకంతో ముద్ర వేస్తూ పోయింది. రెండు రోజులకోసారి ఎవరైనా డిస్‌ప్లే చూసి రిజిస్టర్‌లో 'సరిగా ఉంది' అని రాసినా ఇది దొరికేది కాదు. గడియారం సమయంతో పాటు తన మీద తనకున్న నమ్మకాన్ని కూడా చెప్పాలి, అందుకునే పరికరం దాన్ని రికార్డులో రాయాలి. ఈ కేసు తర్వాత నేను ప్రతి చోటా పట్టుబడుతున్నది దీని కోసమే.

మార్చినవి

అలారం కాంటాక్టును అనన్సియేటర్‌కీ (హెచ్చరికలు చూపే పలక), స్కాడాకీ (సబ్‌స్టేషన్లను దూరం నుంచి గమనించే వ్యవస్థ) కలిపాం. ఇప్పుడు లాక్ పోతే కంట్రోల్ రూమ్ పలక మీద దీపం వెలుగుతుంది, గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లోనూ కనిపిస్తుంది. ఐరిగ్-బిని నాణ్యత బిట్లూ సంవత్సరమూ ఉండే రకానికి మార్చాం. వాటిని చదవగల రిలేలన్నీ ఇప్పుడు తమ ఈవెంట్ పక్కన ఆ గుర్తు వేస్తున్నాయి. పరికరాలన్నిటా యూటీసీయే, భారత కాలమానం తెర మీద చూపేటప్పుడు మాత్రమే. రిసీవర్‌లో మామూలు ఆసిలేటర్ స్థానంలో ఓవెన్‌లో ఉంచిన క్వార్ట్జ్ ఉన్నది పెట్టాం. యాంటెన్నా తెగినా అది రోజంతా మిల్లీసెకనులో చిన్న భాగానికి మించి జరగదు. రుబీడియం పెడితే రోజుకు మైక్రోసెకను స్థాయిలోనే ఉంటుంది, కానీ ఈవెంట్ లాగ్‌లకు అంత ఖర్చు అనవసరం.

యాంటెన్నాను నీళ్ల ట్యాంకు నీడ నుంచి తప్పించి ఆకాశం అన్ని వైపులా కనిపించే చోటికి జరిపాం. భవనంలోకి వచ్చే చోట సర్జ్ అరెస్టర్, దానికి సరైన ఎర్తింగ్. కేబుల్ పొడవుకు మీటరుకు సుమారు 5 నానోసెకన్ల చొప్పున ఆలస్యాన్ని రిసీవర్‌లో నమోదు చేశాం. లాగ్‌లకు ఇది లెక్కలోకి రాదు, ఫేజర్ కొలతలకూ (దూరదూరపు స్టేషన్లలో వోల్టేజీ తరంగాల కోణాలను పోల్చడం), ఫాల్ట్ అల రెండు కొసలకు చేరిన సమయాలను బట్టి ఫాల్ట్ చోటు కనిపెట్టే ట్రావెలింగ్ వేవ్ పద్ధతికీ చేసి ఉంచడం మంచిది.

అమెరికాలో ఈ క్రమశిక్షణ ఒక పెద్ద దెబ్బ తర్వాత వచ్చింది. 2003 ఆగస్టు 14న ఈశాన్య అమెరికా, కెనడాల్లో గ్రిడ్ కూలినప్పుడు దర్యాప్తు బృందానికి ఎక్కువ శ్రమ పెట్టినవాటిలో సమయం కలవని రికార్డులూ ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చడానికే చాలా కాలం పట్టింది. తర్వాత అక్కడ ఇలాంటి రికార్డర్లు యూటీసీకి 2 మిల్లీసెకన్ల లోపు ఉండాలని నియమం పెట్టారు.

లాక్ ఉన్నా తప్పు సమయం రావచ్చు

ఇంతటితో ఆపవచ్చని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు, కారణం 2016 జనవరి 26. ఆ రోజు జీపీఎస్ నుంచి పాత ఉపగ్రహం ఎస్‌వీఎన్-23ని తప్పించారు. ఆ సందర్భంలో భూమ్మీది సాఫ్ట్‌వేర్‌లోని లోపం వల్ల అనేక ఉపగ్రహాల సందేశంలోకి తప్పు సంఖ్యలు వెళ్లాయి. జీపీఎస్ సమయం నుంచి యూటీసీని లెక్కించే సంఖ్యలవి. ఫలితంగా యూటీసీ సుమారు 13.7 మైక్రోసెకన్లు తప్పింది. సరిచేసేసరికి మనకు సాయంత్రం 6:40 అయింది. స్థానం లెక్కకు ఆ సంఖ్యలతో పని లేదు కనుక దారి చూపే పరికరాలకు ఏమీ కాలేదు. దెబ్బ తగిలింది సమయం కోసం జీపీఎస్‌ను నమ్ముకున్నవాళ్లకు. బ్రిటన్‌లో డిజిటల్ రేడియో ప్రసారాలకు అంతరాయం కలిగింది, టెలికాం నెట్‌వర్కుల్లో అలారాలు మోగాయి. అన్ని రిసీవర్లూ మోసపోలేదు. ఆ సంఖ్యల వెంట వచ్చే తేదీ పాతదా కొత్తదా అని సరిచూసుకున్నవి వాటిని పక్కన పెట్టాయి.

13.7 మైక్రోసెకన్లు ఎవరికి ఎంత? సబ్‌స్టేషన్ ఈవెంట్ లాగ్‌కి లెక్కే కాదు. ఫేజర్ కొలతలో 50 హెర్ట్జ్ దగ్గర అది పావు డిగ్రీ, అనుమతించే మొత్తం తప్పులో దాదాపు సగాన్ని ఒక్కటే తినేస్తుంది. ట్రావెలింగ్ వేవ్ పద్ధతిలో ఒక కొస మాత్రమే తప్పితే ఫాల్ట్ చోటు 2 కిలోమీటర్లు జరుగుతుంది, అంటే పెట్రోలింగ్ వాళ్లు ఐదారు టవర్ల అవతల వెతుకుతారు. ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా పంచుకునే 4జీ, 5జీ బేస్ స్టేషన్లకు ప్లస్ లేదా మైనస్ ఒకటిన్నర మైక్రోసెకన్ల హద్దు ఉంటుంది. వాటికి ఇది ఆ హద్దుకు తొమ్మిది రెట్లు.

ఆ రోజంతా రిసీవర్ల మీద లాక్ దీపం వెలుగుతూనే ఉంది. అందుకే ఒకదానికొకటి సంబంధం లేని రెండు మూలాలు కావాలని పట్టుబట్టాను. ఒకటి, జీపీఎస్‌తో పాటు మన దేశపు ఉపగ్రహ నావిగేషన్ వ్యవస్థ నావిక్‌ను కూడా అందుకునే రిసీవర్. నావిక్ మొదటి తరం ఉపగ్రహాల్లో దిగుమతి చేసుకున్న రుబీడియం గడియారాలు కొన్ని చెడిపోవడం తెలిసిందే. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో దేశీయంగా తయారైన రుబీడియం గడియారం ఉంది. జీపీఎస్ వాడే ఎల్1 బ్యాండ్‌లోనూ అది ప్రసారం చేస్తుంది. దానితో రిసీవర్ల తయారీ సులువవుతుంది. రెండు వ్యవస్థలూ చెప్పే సమయాలు నిర్ణీత హద్దు దాటి విడిపోతే రిసీవర్ అలారం ఇవ్వాలి, తనంతట తాను ఒకదాన్ని ఎంచుకుని ఊరుకోకూడదు.

రెండోది, లైను మీదుగా వెళ్లే ఓపీజీడబ్ల్యూ (టవర్ల పైని ఎర్త్ వైరులో ఇమిడిన) ఫైబర్ గుండా పక్క స్టేషన్ నుంచి వచ్చే పీటీపీ, అంటే నెట్‌వర్క్ ప్యాకెట్లలో సమయం పంపే పద్ధతి. ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం. పీటీపీ గానీ అదే తరహా పాత పద్ధతి ఎన్‌టీపీ గానీ, ప్యాకెట్ వెళ్లడానికీ రావడానికీ సమానంగా సమయం పడుతుందన్న నమ్మకం మీద ఆధారపడతాయి. ఫైబర్‌లో కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు. వెళ్లే దారి, వచ్చే దారి 20 కిలోమీటర్లు తేడా ఉంటే 100 మైక్రోసెకన్ల తేడా, సమయంలో దాని సగం, అంటే 50 మైక్రోసెకన్ల తప్పు. రింగ్‌లో ఒక వైపు తెగి ట్రాఫిక్ ఇంకో వైపు మళ్లినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది, ఎవరికీ తెలియకుండా. కాబట్టి ఫైబర్ సమయాన్ని ఉపగ్రహ సమయం మీద కాపలాగా వాడుతున్నాం. గడియారాన్ని నడిపే బాధ్యత ఉపగ్రహ వ్యవస్థలు రెండూ అందనప్పుడే దానికి అప్పగిస్తున్నాం.

పనిచేసిందా

ఆ వానాకాలంలోనే అదే ప్రాంతంలో ఇంకో లైను ట్రిప్ అయింది. రెండు కొసల రికార్డుల్లో ఫాల్ట్ మొదలైన క్షణాలు అర మిల్లీసెకను లోపు కలిశాయి. ఇప్పుడు ప్రతి ట్రిప్ తర్వాత ఈ సరిపోలిక చేసి ఆ సంఖ్యను నివేదిక మొదటి పేజీలోనే రాస్తున్నారు. లైన్లు ట్రిప్ అయినప్పుడల్లా ఖర్చు లేని పరీక్ష ఒకటి జరిగిపోతోంది.

మిగిలినవి పాత రిలేలు. నాణ్యత బిట్లు చదవలేని రిలేల మీద ఆ గుర్తును స్టేషన్ గేట్‌వే (రిలేల సమాచారాన్ని సేకరించి బయటికి పంపే కంప్యూటర్) దగ్గర కలిపే ఏర్పాటు జరుగుతోంది. రిసీవర్ లాక్ స్థితిని గేట్‌వే చదివి, ఆ సమయంలో వచ్చిన ప్రతి ఈవెంట్‌కీ జత చేస్తుంది. కొత్త టెండర్లలో మూడు షరతులు రాయించాం: లాక్ పోయిన అలారం స్కాడాలో కనిపించాకే కమిషనింగ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, వారం సంఖ్య తిరిగే తేదీనీ లీప్ సెకనునూ సిమ్యులేటర్ మీద పెట్టి పరీక్షించాలి, పాతబడిన యూటీసీ సంఖ్యలను రిసీవర్ తిరస్కరిస్తుందని తయారీదారు చూపించాలి. మూడో షరతుకు ఇంతవరకు కొద్దిమందే పరీక్ష చేసి చూపించారు. మిగతావాళ్ల పరికరాలకు ఆమోదం ఆపి ఉంచాం.